తొమ్మిదో గడి

ఆల్బిన్ జురెక్ సున్నాలు తుడుస్తున్నాడు. ముందు సున్నాలు, తరవాత ఒకట్లు, ఆ తరవాత మిగతావి. ముప్ఫై తొమ్మిదేళ్లుగా అదే వరస. కిరోసిన్‌లో తడిపిన పాత బనియను గుడ్డతో ఒక్కో రేకు ముఖం తుడిచి, వీపు తుడిచి, మళ్లీ గోడ మేకుకు తగిలిస్తాడు. ఒక్కో రేకూ మూరెడు ఎత్తు, నల్లరంగు మీద తెల్ల అంకె, పైన రెండు చిల్లులు. ఎనిమిదీ తొమ్మిదీ ఏడాదికోసారి కూడా బయటి వెలుగు చూడవు. అయినా వాటికీ స్నానం తప్పదు.

"అవేమైనా నీకు పిల్లనిచ్చాయా, అంత మర్యాద చేస్తున్నావు?" అన్నాడు హొరేస్ టిబ్స్, సందు అవతలి చివరినుంచి.

ఆల్బిన్ ఇంకో సున్నా అందుకున్నాడు. హొరేస్‌కి జవాబు అక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి అతను. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద కూర్చుని మింగిన మాటలన్నీ రిటైరయ్యాక ఇక్కడ కక్కుతున్నాడు. ఆరు సీజన్లుగా ఆల్బిన్ వాటిని వానచప్పుడు విన్నట్టు వింటున్నాడు.

మిల్‌హేవెన్ బేస్‌బాల్ మైదానంలో ఎడమ కొసన ఉన్న గోడ బయటివాళ్లకి స్కోరుబోర్డు. లోపల అది నలభై అడుగుల చీకటి సందు, చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. ఒక చివర ఆల్బిన్ ముక్కాలిపీట. రెండో చివర హొరేస్ కుర్చీ, ఫోను, తలుపు. సొంత జట్టు ఆట ఆల్బిన్‌ది. అవతలి జట్టు పరుగులకి ఇన్నింగ్స్‌కి ఒకటి చొప్పున తొమ్మిది గడులు, వాటి పక్కన హిట్లకి ఒకటి, తప్పులకి ఒకటి. పై ఊళ్ల ఆటల అంకెలు హొరేస్‌వి. జనం గోలలో మాట వినపడదు కాబట్టి, పైనున్న స్కోరరు ఫోనులో చెప్పిన తీర్పుని హొరేస్ గోడమీద కొట్టి చెబుతాడు. ఒక దెబ్బ అంటే బ్యాటరు కొట్టి సంపాదించుకున్న హిట్టు, రెండు దెబ్బలంటే ఫీల్డరు తప్పు.

పైకప్పు దూలం తగలకుండా తల కుడికి వంచి నడవడం ఆల్బిన్‌కి ఇరవై రెండో ఏట అలవాటైంది. ఇప్పుడు అరవై ఒకటి. ఇంట్లోనూ, చర్చిలోనూ, చివరికి తన పెళ్లి ఫోటోలోనూ ఆ తల అలాగే ఉంటుంది. సన్నటి మనిషి, పొడుగు వేళ్లు, కుడి బొటనవేలి గోరు రేకు అంచు తగిలి తగిలి చదునైపోయింది. చలికాలమంతా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని, ఏప్రిల్ రాగానే ఈ గోడ. ఇంతకు మించి అతని గురించి చెప్పుకునేందుకు ఊళ్లో ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఆ రోజు పొద్దున కోటు జేబులో మాత్రల సీసా పెట్టి, భార్య హెడ్విగ్ అతని భుజంమీద నూలుపోగు తీసింది.

"గుండె పట్టినట్టుంటే వెంటనే నాలిక కింద పెట్టుకో. లేచి ఇంటికొచ్చేయ్. నువ్వు లేకపోయినా సున్నా సున్నాయే."

"ఊఁ," అన్నాడతను.

వసంతంలో డాక్టరు ఇచ్చిన మాత్రలవి. మూడుసార్లు అక్కరపడ్డాయి. మూడుసార్లూ నిమిషంలో పట్టు వదిలేసింది.

మిల్‌హేవెన్ జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. ఏ మహానుభావుడు పెట్టాడో గాని సరిగ్గా పెట్టాడు. ఒంటికాలిమీద నిలబడి ఎదురు చూడటమే దాని చరిత్ర. ఛాంపియన్‌షిప్ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఆల్బిన్ పీట వెనక చెక్కమీద పెన్సిలుతో రాసున్నాయి. 1934, పదిహేడు ఇన్నింగ్స్, చీకటిపడి ఆపేశారు. 1938 ఏప్రిల్, మంచు కురిసింది, బంతి కనిపించక ముగ్గురు వెతికారు. 1946, ఒక్క ఆట తేడాతో లీగ్ విజేత జెండా పోయింది. ప్రతి దానికీ ఒక్క ముక్కే, పూర్తి వాక్యం ఎక్కడా లేదు. ఇవన్నీ అతను రేకుల మధ్య వేలెడు సందులోంచి చూసినవే. గోడ ముందు నిలబడే లెఫ్ట్‌ఫీల్డర్ల ముఖాలు అతనికి అంతగా గుర్తుండవు, వీపులు మాత్రం అందరివీ గుర్తే.

వాటి మధ్యలో ఒక రాత ఉంది. '1949 ఆగస్టు 14. బెల్కర్. నేను.'

"బెల్కర్ సంగతి ఊరందరికీ తెలుసు. ఈ 'నేను' ఏంటయ్యా? బంతి నువ్వేశావా?" అని హొరేస్ మొదటి సీజన్లో అడిగాడు. రెండేళ్లు అడగ్గా అడగ్గా ఆల్బిన్ చెప్పాడు.

అవతలి జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ ఒక్క హిట్టు కూడా దక్కకుండా బంతి వేసే పిచ్చరు ఆట ముగిస్తే దానికో పేరుంది. ఆట సాగుతుండగా ఆ పేరు ఎవరూ పలకరు. పలికితే పోతుందని నమ్మకం. ఆ పిచ్చరుతో తోటి ఆటగాళ్లు మాట్లాడరు, బెంచీమీద పక్కన కూర్చోరు. జనం కాలుమీద కాలు వేసుకుని ఉంటే ఆ కాలు దించరు. ఎక్కడివాళ్లు అక్కడే, ఏ పని చేస్తున్నవాళ్లు ఆ పనిలోనే. నవ్వొస్తే నవ్వుకోండి గాని, మిల్‌హేవెన్‌లో దీన్ని నవ్వులాటగా తీసుకున్నవాడు లేడు. ఎందుకంటే ఈ జట్టు పుట్టిననాటినుంచి అలాంటి ఆట ఒక్కటీ లేదు.

1949లో ఆ ఒక్కటీ గుమ్మం దాకా వచ్చింది. ఐరా బెల్కర్ ఇరవై ఆరుగురిని వెనక్కి పంపాడు. ఇంకొక్కడు. అప్పుడు ఆల్బిన్ ఉండబట్టలేక తొమ్మిదో సున్నాని మేకునుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. గడి దగ్గరికి ఒక అడుగు కూడా వేశాడు. అంతే. బంతి వచ్చి సరిగ్గా అతని ముఖం ముందున్న రేకుని కొట్టింది. గోడంతా గంటలా మోగింది. చేతిలో సున్నా జారి కాళ్లమీద పడింది. బయట ఇరవై ఎనిమిది వేలమంది. ఒక్కరి గొంతూ లేవలేదు. చచ్చినవాణ్ణి చూసినట్టు అందరూ బోర్డుకేసే చూస్తున్నారు. ఆ చూపుల ముందు హిట్ల గడిలో 'ఒకటి' తగిలించాల్సింది ఆల్బినే.

బెల్కర్ భుజం మరుసటి ఏడు పోయింది. ఇప్పుడు నదీతీరం వీధిలో కలప అడితీలో పని చేస్తున్నాడు. అప్పటినుంచీ ఆల్బిన్ ఆ వీధి తొక్కలేదు. ఓసారి వంతెనమీద బెల్కర్ ఎదురొస్తుంటే, ఆల్బిన్ అవతలి వైపుకి దాటాడు. అదే క్షణంలో బెల్కరూ దాటబోయి, మళ్లీ ఆగిపోయాడు.

"చేతులు ఆగలేదు, హొరేస్," అన్నాడు ఆల్బిన్ ఆ కథ చెప్పిన రోజు. "నా చేతులు ఆగి ఉంటే సరిపోయేది."

ఇక ఆ బుధవారం సంగతి. సెప్టెంబరు ఇరవై రెండు, 1971. హెరన్స్ ఆరో స్థానంలో ఉన్నారు, అక్కడినుంచి పైకి పోయే దారీ లేదు, కింద పడే భయమూ లేదు. మధ్యాహ్నం ఆటకి నాలుగు వేలమంది వచ్చారు, అందులో సగం ఎండ కాచుకోవడానికి. పిచ్చరు వెండెల్ ఎస్టెప్‌కి ముప్ఫై నాలుగేళ్లు, బొజ్జ. ఆ రోజు వేయాల్సినవాడికి కడుపు చెడి ఇతనికి బంతి ఇచ్చారు.

"ఎస్టెప్ బంతిని మా అత్త కూడా కొడుతుంది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది," అన్నాడు హొరేస్.

మూడో ఇన్నింగ్స్‌లో హొరేస్ నాలుగు అంకె రేకులకోసం వచ్చి, వాటి మేకుమీద వేసున్న ఆల్బిన్ కోటు తీసి, "నీ పట్టువస్త్రాలు తుప్పు పడతాయి," అంటూ తీసుకెళ్లి తలుపు పక్క మేకుకి తగిలించాడు. ఆల్బిన్ చూశాడు. చెప్పాల్సిన మాటేదో ఉందనిపించింది. ఈలోగా బంతి గాల్లోకి లేచింది, ఔటైంది, ఇంకో సున్నా తగిలించాల్సి వచ్చింది.

నాలుగు సున్నాలయ్యాయి, అయిదయ్యాయి. హిట్ల గడిలో సున్నా ఆట మొదట్లో తగిలించిందే, కదల్లేదు. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక సందులో ఏదో తేడాగా అనిపించి ఆల్బిన్ తల తిప్పి చూశాడు. హొరేస్ మాట్లాడటం మానేశాడు. నోరు సగం తెరుచుకుని, ఒక చేతిలో సగం తిన్న రొట్టె అలాగే పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి, వెంటనే విడిపోయాయి.

ఎస్టెప్? ఈ బొజ్జ ఎస్టెప్పా? ఆల్బిన్‌కి నమ్మశక్యం కాలేదు. పడకగదిలోకి గుర్రం వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆరో ఇన్నింగ్స్ మధ్యలో రొమ్ము ఎముక వెనక పిడికిలి బిగుసుకుంది. అతనికి ఆ పిడికిలి తెలుసు. చెయ్యి చొక్కా జేబుకి పోయింది, జేబులో పెన్సిలుంది. కోటు గుర్తొచ్చింది. నలభై అడుగుల అవతల, తలుపు పక్కన, కాస్త వంకరగా వేలాడుతోంది. ఎడమ జేబు ఉబ్బు కూడా కనిపిస్తోంది.

లేచి నడిస్తే పదిహేను అంగలు. "హొరేస్, ఆ కోటిలా పడెయ్" అంటే నాలుగు మాటలు. ఆల్బిన్ నోరు తెరిచాడు. నోరు తెరిచిన క్షణంలోనే పై స్టాండులో ఎవరికో దగ్గొచ్చి ఆపుకోవడం వినిపించింది. నాలుగు వేలమంది దగ్గు ఆపుకుంటున్నారు. అతను నోరు మూసుకున్నాడు.

పీటనుంచి గడికి, గడినుంచి పీటకి. ఇవాళ మొదటినుంచీ నడిచిన దారి అదొక్కటే. అంతకు మించి ఒక్క అడుగు వేయకూడదని నిర్ణయించుకున్నాడు. ఇంకో మూడు ఇన్నింగ్స్, ముప్పావు గంట. పెళ్లాం చెప్పినట్టు తను లేకపోయినా సున్నా సున్నాయే కావచ్చు. కాని తన చేతులవల్ల ఒకసారి అది ఒకటైంది. రెండోసారి కానివ్వడు.

ఏడో ఇన్నింగ్స్‌లో బంతి నేలబారుగా వచ్చి షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డ ఫీల్డరు చేతి తొడుగుకి తగిలి పక్కకి చిమ్మింది. కొట్టినవాడు మొదటి బేసు చేరిపోయాడు. హిట్టా, తప్పా? మైదానం మొత్తం తలలు తిప్పి బోర్డుకేసి చూసింది. రేకుల సందులోంచి ఆ ముఖాలు ఆల్బిన్‌కి కనిపించాయి. అవే ముఖాలు, 1949వి. ఫోను మోగింది. హొరేస్ ఎత్తి విన్నాడు, పెట్టేశాడు. గోడమీద ఒక దెబ్బ పడింది. ఆల్బిన్ కళ్లు మూసుకున్నాడు. రెండో దెబ్బ పడింది.

తప్పు. ఫీల్డరుదే తప్పు. తప్పుల గడిలో ఒకటి తగిలించడానికి లేచినప్పుడు ఎడమచెయ్యి పైకి రాలేదు. కుడిచేత్తో తగిలించాడు. అవతల హొరేస్ అది చూశాడు. రెండు చేతులతో తప్ప రేకు ముట్టని మనిషి ఒంటిచేత్తో తగిలించడమూ చూశాడు, వస్తూ వస్తూ కోటుకేసి ఒకసారి చూడటమూ చూశాడు. ఏమీ అడగలేదు. అడగకూడదు కదా.

ఎనిమిదో సున్నా తగిలించి కూర్చున్నాక ఆల్బిన్ మేకుకేసి చూశాడు. తొమ్మిదో సున్నా అక్కడుంది. చెయ్యి చాస్తే అందుతుంది. కుడిచేతి వేళ్లు వాటంతటవే కదిలాయి. అతను రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద గట్టిగా కూర్చున్నాడు.

చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక ఔటు. పిడికిలి ఇప్పుడు దవడదాకా పాకింది. లెఫ్ట్‌ఫీల్డరు వీపు సందు ముందే ఉంది, పన్నెండో నంబరు, చొక్కా వెన్నుకి అంటుకుపోయి ఉంది. ఈ కుర్రాడికి కూడా భయమేస్తోంది అనుకున్నాడు. రెండో ఔటు. బయట ఒక్క కేకా లేదు. ఇరవై రెండేళ్ల కిందట సరిగ్గా ఇక్కడే లేచాను, అనుకున్నాడు. ఇప్పుడు లేవలేదు. హెడ్విగ్‌కి చెప్పాలి, నేను లేవలేదని. సందులోంచి కనిపించే పచ్చిక ఎన్నడూ లేనంత పచ్చగా ఉంది. ఆ పచ్చదనం అంచులనుంచి మెల్లగా సన్నబడుతూ వచ్చింది.

ఆఖరి ఔటు ఒక మామూలు గాలిబంతి. పన్నెండో నంబరు కుర్రాడు రెండడుగులు వెనక్కి వేసి, గోడకి వీపు ఆనించి పట్టేశాడు. నాలుగు వేలమంది నలభై వేలమందిలా అరిచారు. ఆడా మగా ఏడుస్తున్నారు. ఎస్టెప్ మైదానం మధ్యలో ఎవరో కొట్టినట్టు నిలబడిపోయాడు. తోటివాళ్లు వచ్చి మీద పడేదాకా అతనికి ఏం జరిగిందో అందలేదు.

"అయిందయ్యా ఆల్బిన్," అన్నాడు హొరేస్, నాలుగు ఇన్నింగ్స్ తరవాత మొదటిసారి. ఆ చివర కదలిక లేదు. "ఇక లేవొచ్చు. నా రొట్టె కూడా తినొచ్చు."

ఫోను మోగింది. పైనుంచి స్కోరరు నవ్వుతూ అరుస్తున్నాడు. "తొమ్మిదో గడి ఖాళీగా ఉందేంటయ్యా? నిద్రపోతున్నారా ఇద్దరూ? ఫోటోలు తీస్తున్నారు, తగిలించమను."

హొరేస్ గోడమీద కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడు దెబ్బలకి అర్థం లేదు, అయినా కొట్టాడు. తరవాత సందులో నడిచివెళ్లాడు. ఆల్బిన్ పీటమీద కూర్చుని ఉన్నాడు. తల ఎప్పటిలాగే కుడికి వంగి ఉంది, నుదురు గోడకి ఆని ఉంది, కళ్లు సందుకేసి తెరిచి ఉన్నాయి. చేతులు రెండూ తొడల కిందే ఉన్నాయి. హొరేస్ భుజంమీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది.

బయట జనం ఖాళీ గడి చూసి నవ్వుకున్నారు. ముసలాయనకి ఇంకా నమ్మకం కుదరలేదులే అన్నారు. ఎస్టెప్‌ని భుజాలమీద మోసుకుంటూ బోర్డు ముందుకి తెచ్చి ఫోటో తీసుకున్నారు. అదే సమయంలో గోడ వెనక తలుపులోంచి స్ట్రెచరు లోపలికి వెళ్లింది. మైకులో సంగతి చెప్పేసరికి సగం మంది గేటు దాటేశారు. మిగిలినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. ఒకాయన టోపీ తీసి మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయి అలాగే ఇంటికెళ్లాడు.

శనివారం చర్చిలో, శవపేటిక దగ్గర, హొరేస్ హెడ్విగ్ ముఖం చూడలేక ఆమె బూట్లు చూస్తూ చెప్పాడు.

"కోటు నేనే తీసి అక్కడ తగిలించానమ్మా. మాత్రలున్నాయని తెలీదు. కాని ఒంటిచేత్తో రేకు తగిలించడం చూశాను. చూసి ఊరుకున్నాను."

"రోజూ మూడింటికి ఆఫీసుకి ఫోను చేసి, గోడలోకి కలపమని, మాత్రల సీసా జేబులో ఉందా అని అడిగేదాన్ని," అంది హెడ్విగ్. "బుధవారం కూడా ఫోను దాకా వెళ్లాను. రేడియోలో ఆరో ఇన్నింగ్స్. నంబరు తిప్పకుండా వచ్చి కూర్చున్నాను. నన్నేం చెయ్యమంటావు హొరేస్? నేనూ ఈ ఊరిదాన్నే కదా."

వెనక వరసలోంచి ఒక భారీ మనిషి వచ్చి నిలబడ్డాడు. ఒక భుజం మరోదానికంటే కిందికి జారి ఉంది, కోటునుంచి కలప వాసన వస్తోంది. ఇద్దరూ గుర్తుపట్టారు.

"అతను ఓసారి వంతెనమీద నన్ను చూసి అవతలికి దాటాడు," అన్నాడు ఐరా బెల్కర్. "తెలిసిపోయిందనుకున్నాను."

"ఏం తెలిసింది?" అన్నాడు హొరేస్.

"ఆ రోజు ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యాక బెంచీమీద ఆ పలకకూడని మాట అన్నది నేనే. పైకే అన్నాను. పక్కనెవరూ లేరు, ఇంకా చిన్నతనం, నోరు ఆగలేదు. గోడలోంచి చూసేవాడికి పెదాలు కనిపించాయేమో, అందుకే నా ముఖం చూడటం లేదేమో అనుకున్నాను."

చెక్కమీద పెన్సిలుతో రాసిన ఆ 'నేను' గురించి హొరేస్ చెప్పాలనుకున్నాడు. శవపేటికలో ఆల్బిన్ తల మాత్రం ఎవరో తిన్నగా సర్ది పెట్టారు. అది అతనిలా లేదు. హెడ్విగ్ వంగి, రెండు చేతులతో ఆ తలని కొంచెం కుడికి వంచింది.

ఇప్పుడు స్టేడియం ముందు హాలులో జట్టు చరిత్రలో మరపురాని ఘట్టాలని పెద్ద పెద్ద ఫోటోలు కట్టి పెట్టారు. ఎస్టెప్ ఫోటో వాటి మధ్యలో ఉంది. వెనక బోర్డుమీద ఎనిమిది సున్నాలు, ఒక ఖాళీ గడి. కొత్తగా వచ్చినవాళ్లు ఫోటో తీసినవాడు తొందరపడ్డాడని అనుకుంటారు.

హొరేస్ ఇంకో నాలుగు సీజన్లు గోడలో పని చేశాడు. ఆట లేనప్పుడు కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు. సున్నాలు తక్కువ పడితే ఎనిమిదినో, మూడునో రంగు మార్పించి వాడేవాడు గాని, పీట పక్కనున్న ఆ మేకు జోలికి పోలేదు, ఎవరినీ పోనివ్వలేదు. ఆ సున్నా ఇంకా అక్కడే వేలాడుతోంది. ఆ బుధవారం పొద్దున కిరోసిన్ గుడ్డతో తుడిచిన తుడుపే ఆఖరిది. కుడి అంచున, బొటనవేలు ఆనేచోట, నల్లరంగు అరిగిపోయి ఒక గోరంత రేకు తెల్లగా కనిపిస్తుంది.